గాజుపోగులో సమాచార వేగములు

ధవళేశ్వరము వద్ద గోదావరికి ఆనకట్ట కట్టుట 1847లో ఆరంభమై 1852లో ముగిసినది. నాటినుండి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల రైతులకు ఒక విషయము బాగుగా తెలియును. నదిలో ఎంత నీరున్నదనునది ఒక మాట. తన చేనికి ఎంత వచ్చుననునది వేరొక మాట. తలకాలువకు ఒక కొలత, పిల్లకాలువకు ఒక కొలత, తూమునకు ఒక కొలత, బోదెకు ఒక కొలత ఉండును. ఈ కొలతలన్నియు ఒకదానితో ఒకటి పొందికగా ఉన్నప్పుడే నీరు శివారు భూములకు చేరును. కాలువలలో పడవలు నడచిన కాలమున ఇట్టిదే ఇంకొక నియమము కూడ ఉండెను. దారిలోని లాకులలో ఏది మిక్కిలి ఇరుకైనదో, దానిలో పట్టిన పడవయే ఆ దారిని పోగలిగెడిది.

నేడు అదే డెల్టాలో విద్యుత్ స్తంభముల మీదుగా వేరొక విధమైన కాలువలు పోవుచున్నవి. అవి తలవెంట్రుకకన్న కొంచెము లావైన గాజుపోగులు. వాటిలో ప్రవహించునది వెలుగు. ఆ వెలుగు వెలిగి ఆరుచు, లేదా హెచ్చి తగ్గుచు, ఒకటి-సున్న అను రెండు గుర్తులతో సమాచారమును మోసికొనిపోవును. ఇట్టి ఒక్కొక్క గుర్తునకు బిట్టు అని పేరు. పదిలక్షల బిట్లు ఒక మెగాబిట్టు. సెకండునకు ఎన్ని బిట్లు పోవుననునదే సమాచార వేగము.

సముద్రతీరమునకు సమీపమున, సఖినేటిపల్లి మండలములో, జీడిపప్పు పరిశ్రమకు పేరుపొందిన మోరి అను గ్రామము కలదు. అప్పటి తూర్పు గోదావరి జిల్లాలోని ఈ గ్రామము 2022నుండి కోనసీమ జిల్లాలో చేరినది. 2016 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వపు ఫైబర్ పథకము ఇక్కడ ప్రారంభింపబడి, ఇంటింటికి గాజుపోగు వచ్చినది. ఇట్లు ఇండ్లకు చేరు గాజుపోగులలో విరివిగా వాడబడు జి-పాన్ అను పద్ధతిలో వెలుగు సెకండునకు 2,488.32 మెగాబిట్ల వేగముతో వచ్చును. ఎవరికైనను ఒక సందేహము కలుగవచ్చును. సరిగా 2,500 అని పెట్టుకొనక ఈ 2,488.32 అను వింత సంఖ్య ఎందులకు? ఇది ప్రకృతి విధించిన హద్దు కాదు. గాజునకు ఈ సంఖ్యతో సంబంధము లేదు. ఇది మనుష్యులు కూర్చుండి చేసికొన్న ఒప్పందము. ఆ ఒప్పందమునకు మూలము మనిషి కంఠస్వరము.

స్వరమును అంకెలుగా మార్చుట

టెలిఫోనులో మాట తెలియుటకు స్వరములోని కంపనములన్నియు అవసరము లేదు. సెకండునకు 300 మొదలు 3,400 వరకు గల కంపనములు చేరిన చాలును. ఈ పట్టీకి కొంత ఎడము చేర్చి 4,000గా లెక్కించుట ఆచారమైనది. ఒక తరంగమును అంకెలలోనికి మార్చవలెనన్న, దాని ఎత్తును మాటిమాటికి కొలిచి వ్రాసికొనవలెను. తరంగములోని అత్యధిక కంపనసంఖ్యకు రెండింతల పర్యాయములు కొలిచినచో, ఆ కొలతలనుండి తరంగమును మరల నిర్మింపవచ్చును. ఈ సూత్రమునకు పునాది 1928లో అమెరికాలో హారీ నైక్విస్టు వేసెను. ఆ లెక్క ప్రకారము స్వరమును సెకండునకు 8,000 పర్యాయములు కొలువవలెను. అనగా ప్రతి కొలతకు మధ్య 125 మైక్రోసెకండ్ల వ్యవధి. ఈ 8,000, ఈ 125 అను సంఖ్యలను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను; కథ ముగియువరకు ఇవి వెంట వచ్చును.

కొలతలను అంకెలుగా పంపు పద్ధతికి 1938లో అలెక్ రీవ్స్ అను ఆంగ్ల ఇంజనీరు పారిస్‌లో పనిచేయుచు పేటెంటు పొందెను. కాని ఆనాటి శూన్యనాళికలతో ఇట్టి యంత్రమును చవుకగా చేయుట సాధ్యము కాలేదు. ట్రాన్సిస్టరు వచ్చిన తరువాతనే అది ఆచరణలోనికి వచ్చినది. ప్రతి కొలతకు 8 బిట్లు కేటాయించినచో 256 మెట్లు దొరకును. టెలిఫోను స్వరమునకు అవి చాలును. 8,000ను 8చే గుణించగా 64,000. ఇట్లు ఒక మనిషి మాట సెకండునకు 64,000 బిట్లు అయినది. తరువాతి కాలపు టెలిఫోను వేగములన్నింటికి ఇదియే గింజ.

ఇరువది నాలుగా, ముప్పదియా?

ఒక తీగపై ఒకే మాట పోయినచో తీగ దండుగ. ప్రతి 125 మైక్రోసెకండ్లలో పలువురి కొలతలను వంతులవారీగా ఇరికించి పంపినచో ఒకే తీగ పలువురికి చాలును. 1962లో అమెరికాలో ఇట్టి పద్ధతి వాడుకలోనికి వచ్చినది. అందులో 24 స్వరములు, వాటిని గుర్తించుటకు ఒక అదనపు బిట్టు, మొత్తము 193 బిట్లు ఒక కట్టగా పోవును. 193ను 8,000చే గుణించగా సెకండునకు 15,44,000 బిట్లు.

ఐరోపావారు వేరొక లెక్క వేసిరి. వారి కట్టలో 32 గదులు. 30 స్వరములకు, ఒకటి కట్ట మొదలును గుర్తించుటకు, ఒకటి పిలుపు సంకేతములకు. మొత్తము 256 బిట్లు, సెకండునకు 20,48,000. భారతదేశము ఈ ఐరోపా కొలతనే స్వీకరించినది. మన టెలిఫోను ఇంజనీర్లు చిరకాలము ‘రెండు మెగాబిట్ల లైను’ అని వాడిన మాట దీనిని గూర్చియే.

ఈ రెండు కొలతలును ఒకే 8,000 మీద నిలిచినవి. అయినను ఒకదానిలోనికి ఒకటి సరిగా ఇమడవు. రెండు ప్రాంతములలో రెండు వెడల్పుల లాకులు కట్టిన, పడవలకు కలుగు ఇబ్బందియే దేశాంతర టెలిఫోను సంభాషణలకు కలిగెను.

గాజుపోగు రాక

1966లో ఇంగ్లండులో చార్లెస్ కావో, జార్జి హాకమ్ అను వారు ఒక పత్రము ప్రకటించిరి. గాజులోని మలినములను తొలగించినచో, కిలోమీటరు దూరము పోయిన తరువాత కూడ వెలుగులో నూటికి ఒక పాలు మిగులునట్లు చేయవచ్చుననియు, అంత మిగిలినచో టెలిఫోనులకు పనికివచ్చుననియు వారి వాదము. 1970లో అమెరికాలోని కార్నింగు సంస్థ శాస్త్రజ్ఞులు ఆ హద్దును దాటిన పోగును తీసిరి. కావోకు 2009లో నోబెలు బహుమానము లభించినది. నేటి మేలిరకపు పోగులో వెలుగు సగమగుటకు సుమారు 15 కిలోమీటర్లు పోవలెను. భారతదేశములో మొట్టమొదటి గాజుపోగు టెలిఫోను మార్గము 1979లో పూనాలో ఏర్పడినది.

గాజుపోగు వచ్చుటతో ఇరుకు తీరినది. కాని కొలతల చిక్కు పెరిగినది. రెండు మెగాబిట్ల లైనులను నాలుగేసి చొప్పున కలుపుచు పైకి పోవుట నాటి పద్ధతి. 2.048ని నాలుగుచే గుణించిన 8.192 రావలెను. కాని ప్రమాణముగా పెట్టినది 8.448. దానిపై 34.368, ఆపై 139.264. ప్రతి మెట్టు వద్దను కొంత అదనము కనబడును. ఈ అదనమునకు కారణము గడియారములు. ఒక్కొక్క లైను తన సొంత గడియారము ననుసరించి నడచును. రెండు గడియారములు ఎంత మంచివైనను సరిగా ఒకే నడకను నడువవు. నాలుగు లైనులను కలుపునప్పుడు, వెనుకబడినదానికి ఉత్త బిట్లు చేర్చి సరిపెట్టవలెను. ఆ ఉత్త బిట్లకు చోటు ముందుగనే ఉంచినందున సంఖ్య పెరిగినది.

దీనివలన కలిగిన కష్టమును ఒక ఉదాహరణముతో చూడవచ్చును. విశాఖపట్టణమునుండి విజయవాడకు 139.264 మెగాబిట్ల గాజుపోగు పోవుచున్నదనుకొందము. అందులో 64 రెండు మెగాబిట్ల లైనులు, అనగా 1,920 సంభాషణలు ఉండును. వాటిలో ఒక్క లైను మాత్రము రాజమహేంద్రవరములో దిగవలెను. మధ్యలో ఎక్కడెక్కడ ఉత్త బిట్లు చేరినవో తెలియదు గనుక, ఆ ఒక్క లైనును నేరుగా తీయుటకు వీలులేదు. మొత్తమును 34గా, 34ను 8గా, 8ని 2గా విప్పి, కావలసినదానిని తీసికొని, మిగిలినవానిని మరల మూడు మెట్లలో కట్టవలెను. ఒక్క బస్తా దింపుటకు పడవ సరుకంతయు గట్టున పెట్టి మరల ఎక్కించుట వంటిదిది. అందులకు తగినన్ని యంత్రములు ప్రతి మజిలీలోను ఉండవలెను. ఆ ఖర్చు భరింపరాని చిన్న పట్టణములను దాటి లైను పోవుచుండెడిది.

1988 ఒప్పందము

అమెరికాలో 1985 ప్రాంతమున ఒక క్రొత్త ప్రయత్నము మొదలైనది. గాజుపోగు యంత్రములను చేయు ప్రతి కంపెనీయు తనకు తోచిన వేగమును, తనకు తోచిన కట్టను వాడుచుండుటచే, ఒక కంపెనీ యంత్రము ఇంకొకదానితో మాటాడదు. దీనిని మాన్పుటకు సోనెట్ అను ప్రమాణమును ప్రతిపాదించిరి. అయితే అది అమెరికా కొలతలకు కుదిరినదే గాని ఐరోపా కొలతలకు కుదురలేదు. ఈ విషయము అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ముందుకు వచ్చినది. 1865లో పారిస్‌లో తంతి వార్తలకై పుట్టిన ఈ సంస్థలో భారతదేశము 1869నుండి సభ్యురాలు.

కొంత వాదోపవాదము తరువాత 1988లో రాజీ కుదిరినది. అమెరికావారు తమ మూలవేగమును 51.84 మెగాబిట్లకు మార్చుకొనిరి. దానికి మూడింతలైన 155.52 ప్రపంచమంతటికి మొదటి మెట్టయినది. ఎస్.డి.హెచ్. అని దీనికి పేరు. 155.52 ఎట్లు వచ్చినదో చూడుడు. ఇందులోని కట్టను 9 వరుసలు, 270 నిలువుల పటముగా ఊహింపవలెను. ఒక్కొక్క గదిలో 8 బిట్లు. 9ని 270చే గుణించగా 2,430 గదులు. ఈ పటము సెకండునకు 8,000 మారులు పోవును. ఒక్కొక్క గది సెకండునకు 64,000 బిట్లు మోయును. అనగా ఒక మనిషి మాట. 2,430ని 64,000చే గుణించినచో 15,55,20,000. వింతగా కనబడిన సంఖ్యలో వింత ఏమియు లేదు. అది 2,430 గొంతుల వెడల్పు గల లాకు. అందులో కొన్ని గదులు కాపలా లెక్కలకు పోగా, ఐరోపా రెండు మెగాబిట్ల పడవలు 63 పట్టును. అమెరికా పడవలైనచో 84 పట్టును.

పై మెట్లలో ఉత్త బిట్ల అదనము లేదు. సరిగా నాలుగింతలు: 622.08, 2,488.32, 9,953.28. దేశములోని యంత్రములన్నియు ఒక మేలైన అణుగడియారము ననుసరించి నడచును. అప్పటికిని మిగిలిన స్వల్పభేదమునకు ఒక చక్కని ఉపాయము కనిపెట్టిరి. పటములో ఒకచోట సూచిక యుండి, ‘నీకు కావలసిన సరుకు ఫలానా గదినుండి మొదలగును’ అని చెప్పును. సరుకు కొంచెము ముందునకో వెనుకకో జరిగిన, సూచికయు మారును. కాబట్టి రాజమహేంద్రవరములో దిగవలసిన లైనును మిగిలినవానిని కదల్పక దింపవచ్చును. దాని స్థానమున వేరొకదానిని ఎక్కింపవచ్చును. మధ్య మజిలీ పట్టణములకు పెద్ద మార్గములు అందుబాటులోనికి వచ్చుటకు ఈ సంఖ్యల పొందిక ముఖ్యకారణము.

రెండవ వంశము

ఇదే కాలమున కంప్యూటర్ల లోకములో వేరొక వంశము పెరుగుచుండెను. దాని పేరు ఈథర్‌నెట్. ఒకే భవనములోని కంప్యూటర్లను కలుపుటకై 1973లో అమెరికాలో పుట్టిన ఈ పద్ధతికి మనిషి స్వరముతో పని లేదు. కనుక దాని మెట్లు సాదా పదింతలు: 1983లో 10 మెగాబిట్లు, 1995లో 100, 1998లో 1,000, 2002లో 10,000. దీని యంత్రములు చవుక. ఇంటర్నెట్టు పెరిగినకొలది ఈ వంశము భవనము దాటి, ఊరు దాటి, దేశాంతరములకు పోయినది. 2002నాటికి దీని 10,000 మెట్టును, టెలిఫోను వంశపు 9,953.28 మెట్టును దాదాపు ఒకేచోటికి వచ్చినవి. అప్పటి ఈథర్‌నెట్ ప్రమాణములోనే, టెలిఫోను వంశపు కట్టలో ఇమిడి పోవు రకమునకు కూడ చోటు కల్పించిరి. తరువాతి మెట్లు ఈథర్‌నెట్ వంశమునవే: 2010లో లక్ష మెగాబిట్లు, 2017లో నాలుగు లక్షలు, 2024లో ఎనిమిది లక్షలు.

ఊరి బోదెలు

పెద్ద కాలువల మాట ఇట్లుండగా, ఇంటింటికి పోవు బోదె సంగతి వేరు. ప్రతి ఇంటికి ప్రత్యేకముగ ఒక గాజుపోగును కేంద్రము వరకు లాగుట ఖర్చు. అందుచే ఒకే పోగును ఊరిలో చీల్చి 32 ఇండ్లకో, 64 ఇండ్లకో పంచుదురు. చీల్చునది ఒక చిన్న గాజు పరికరము. దానికి విద్యుత్తు అవసరము లేదు. తరచు కరెంటు పోవు పల్లెలకు ఇది గొప్ప వరము. ఈ పద్ధతికి 2003లో వచ్చిన ప్రమాణమే జి-పాన్. కేంద్రమునుండి ఇండ్లకు 2,488.32 మెగాబిట్లు, ఇండ్లనుండి కేంద్రమునకు 1,244.16. రెండు దిశలకు రెండు రంగుల వెలుగు గనుక ఒకదాని కొకటి అడ్డురావు.

కేంద్రమునుండి వచ్చు వెలుగు ఇండ్లన్నింటికి చేరును. ప్రతి ఇంటి పెట్టె తన పేరిట వచ్చినదానిని మాత్రము తీసికొని తక్కినది విడిచివేయును. ఇతరులు చదువకుండుటకు రహస్యలిపి కలదు. ఇంటినుండి పోవు వెలుగు విషయమున మాత్రము వంతులు తప్పవు. దాళ్వా పంటకు నీరు తక్కువైనప్పుడు కాలువలకు వంతులవారీ పద్ధతి పెట్టుట డెల్టా రైతులకు తెలియును. అట్లే ప్రతి పెట్టెకు కేంద్రము ఒక వంతు నిర్ణయించును. ఆ వంతు మైక్రోసెకండ్ల లెక్కలో ఉండును. దూరపు ఇంటి వెలుగు ఆలస్యముగా చేరును గనుక, ఒక్కొక్క ఇంటి దూరమును ముందుగ కొలిచి ఆ మేరకు వంతును సవరించును.

కేంద్రమునుండి వచ్చు కట్ట ఎంత కాలమునకు ఒకటి? 125 మైక్రోసెకండ్లకు. సెకండునకు 8,000. కట్టలోని గదులు 38,880; అనగా 1988నాటి 2,430 గదుల పటమునకు సరిగా 16 రెట్లు. ఇప్పుడు ఆ పోగులో పోవునది సినిమాయో, పాఠమో, బ్యాంకు లెక్కయో. మాట కూడ వేరు పద్ధతిని పోవుచున్నది. అయినను టెలిఫోను స్వరమునకై ఏర్పడిన ఆ లయ మాత్రము ఇంటి పెట్టెలో నేటికిని కొట్టుకొనుచున్నది. 2010లో వచ్చిన తరువాతి ప్రమాణమును మరల నాలుగింతలైన 9,953.28నే తీసికొన్నది. ఒక కొలత స్థిరపడిన తరువాత, దానికి సరిపడు గడియారములు, వెలుగు దీపములు, పరీక్షాయంత్రములు వేలకొలది తయారగును. వానిని త్రోసిపుచ్చుటకన్న వాటిమీద కట్టుటయే చవుక. ఒక కంపెనీ పెట్టె పాడైన మరొక కంపెనీ పెట్టె తెచ్చి పెట్టుకొను వీలునకు మొదటి షరతు కూడ ఈ ఉమ్మడి కొలతయే.

మోరి నేర్పు లెక్క

ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ సంస్థ 2015లో ఏర్పడినది. గాజుపోగులను భూమిలో పూడ్చుట మిక్కిలి ఖర్చు. అందుచే విద్యుత్ స్తంభములమీదుగా, 24 పోగులు గల తీగను సుమారు 23,800 కిలోమీటర్లు లాగి, విద్యుత్ సబ్‌స్టేషన్లనే మజిలీలుగా చేసికొనిరి. తొలి దశకు వ్యయము సుమారు 333 కోట్ల రూపాయలు. ఆ తీగలో లోహము లేదు గనుక పక్కనున్న విద్యుత్తు దానిని బాధింపదు. కాని స్తంభము కూలిన తీగయు కూలును. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమలోని కొబ్బరిచెట్లను, స్తంభములను నేలకూల్చిన సంగతి అక్కడివారు మరువలేదు. చవుకతనమునకు చెల్లింపవలసిన వెల ఇది.

2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ పథకమును వెలగపూడిలో రాష్ట్రమునకు అంకితము చేసిరి. నెలకు 149 రూపాయలకు 15 మెగాబిట్ల వేగము, టెలివిజన్ ప్రసారములు, టెలిఫోను ఇచ్చుట నాటి వాగ్దానము. ఈ 15 అను సంఖ్యను పరీక్షింతము. 64 ఇండ్లును ఒకేసారి 15 చొప్పున వాడినచో 960 మెగాబిట్లు. పోగు మోయగలది 2,488. కాబట్టి ఊరి బోదెలో ఇరుకు లేదు. ఇరుకున్నచో వెనుకనున్న కాలువలో ఉండవలెను. దేశములోని గ్రామపంచాయతీలన్నింటికి గాజుపోగు వేయుటకు కేంద్రప్రభుత్వము 2011లో ఆమోదించిన పథకములో పంచాయతీకి 100 మెగాబిట్లు లక్ష్యముగా పెట్టిరి. ఏ ఊరికైనను అంతమాత్రమే వచ్చినదనుకొందము. 15 మెగాబిట్ల వేగము ఏకకాలమున ఆరు ఇండ్లకే చాలును; ఏడవ ఇల్లు వచ్చినచో అందరికి తగ్గును. ప్రకటనలో ‘15 వరకు’ అను మాటలోని ‘వరకు’ అను పదమునకు అర్థము ఇది.

ఇందువలననే వేగమునకు పై హద్దు మాత్రమే గాక క్రింది హద్దును కూడ ప్రమాణముగా పెట్టవలసి వచ్చినది. బ్రాడ్‌బాండు అను పేరు పెట్టుకొనుటకు కనీస వేగము 2004లో సెకండునకు 256 కిలోబిట్లు. 2013లో దానిని 512 చేసిరి. 2023లో 2 మెగాబిట్లకు పెంచిరి. ముప్పదిమంది సంభాషణలకై ఏర్పడిన రెండు మెగాబిట్ల లైను ఈనాడు ఒక్క ఇంటి కనీస హక్కయినది.

ఇంకొక విషయము గమనింపదగినది. జి-పాన్‌లో ఇంటికి వచ్చు వేగములో ఇంటినుండి పోవు వేగము సగమే. పల్లె పుచ్చుకొనునదే గాని పంపునది కాదను ఊహ ఆ సంఖ్యలో దాగియున్నది. జీడిపప్పు వర్తకుడు తన సరుకు చిత్రములను దూరదేశమునకు పంపవలెనన్నను, రోగి ఛాయాచిత్రము కాకినాడ వైద్యునికి చేరవలెనన్నను, పోవు దారి ముఖ్యము. 2016లో వచ్చిన క్రొత్త ప్రమాణము రెండు దిశలను సమానము చేసినది.

కాలువ కట్టినవారి లెక్కలన్నియు తలతూము వద్ద సరిగానే ఉండును. వాటి నిజము తేలునది శివారు చేనులో. 8,000 మొదలుకొని 2,488.32 వరకు ప్రపంచదేశములు ఒప్పుకొన్న సంఖ్యలు గాజుపోగు తలతూము కొలతలు. శివారున ఉన్న మోరివంటి గ్రామములో, సాయంకాలము అందరును ఒకేసారి వాడు వేళ, ఒక విద్యార్థికి అందిన వేగమెంతయో కొలిచి వ్రాసినప్పుడే ఆ సంఖ్యల లెక్క పూర్తియగును. ఆ కొలతకు పెద్ద యంత్రములేవియు అక్కరలేదు. ఆ విద్యార్థి చేతిలోని ఫోను చాలును.